వాడుక, కొసరు, ఆనవాలు

గత నెలలో ఒక సాయంకాలం నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. వినుకొండలో అతనికి ఒక చిన్న లాడ్జి ఉన్నది. ప్రత్తి కొనుగోలుకు వచ్చేవారు, మిర్చి బేరగాళ్ళు, పురుగుమందుల కంపెనీల వారు, ముహూర్తాల రోజులలో మగపెళ్ళివారు అందులో దిగుతుంటారు. చేతిలో ఒక అచ్చు నమూనా పట్టుకొని, "మాస్టారూ, మా లాడ్జికి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళకు కార్డు ఇద్దామనుకుంటున్నాను. తెలుగు ఒకసారి చూసి పెట్టండి" అన్నాడు.

చూశాను. పైన పెద్ద అక్షరాలతో "అతిథి విశ్వసనీయతా బహుమాన పథకం" అని ఉన్నది. దాని క్రింద, పది రాత్రులు బస చేసినవారికి పదకొండవ రాత్రి ఉచితమని ఉన్నది. ఆ క్రింద వరుసగా గళ్ళు: ఇంటిపేరు, పేరు, ఊరు, ఫోను నంబరు.

"విశ్వాసం చూపించడానికి వచ్చేవాడు అతిథా, పెంపుడు కుక్కా?" అన్నాను. అతడు నవ్వి, "ఇంగ్లీషులో లాయల్టీ అని ఉందండీ, కంప్యూటరులో తెలుగు చేయించాను" అన్నాడు. రెండు రోజులలో దిద్ది ఇస్తానని కార్డు ఉంచుకొన్నాను. రెండు రోజులు పదిహేను రోజులైనవి. ఆ పదిహేను రోజుల ఆలోచనే ఈ టపా. చదువరులు ఓపిక పట్టగలరు.

ముందు మాటల సంగతి. మళ్ళీ మళ్ళీ వచ్చేవానికి, వానితో అమ్మకందారుకు గల సంబంధానికి, మన భాషలో చక్కని మాట ఉన్నది. అది వాడుక. "మా ఇంటికి పాలు వాడుక పోస్తుంది" అంటారు మా వైపు ఇల్లాండ్రు. అందులో విశ్వాసమూ లేదు, బహుమానమూ లేదు. రోజూ వస్తుంది, రోజూ పోస్తుంది, నెలాఖరుకు లెక్క చూస్తారు. ఇక ఆ లెక్కకు మించి ఇచ్చేదానికి కొసరు అని పేరు. వంకాయలు తూచిన తరువాత తక్కెడలో మరొక కాయ పడకపోతే కొన్నవారికి తృప్తి ఉండదు. "అసలు కంటె కొసరు ముద్దు" అనే సామెత పుట్టినది అందుకే. మూడవది ఆనవాలు. వచ్చినవాడు నిన్నటివాడే అని గుర్తుపట్టడానికి కావలసిన గుర్తు. హనుమంతుడు లంకకు పట్టుకెళ్ళిన ఉంగరం ఆనవాలు. శకుంతల పోగొట్టుకొన్నదీ ఆనవాలే. పూర్వం రోమను దేశంలో అతిథికీ ఆతిథ్యమిచ్చినవానికీ నడుమ ఒక బిళ్ళ ఉండేది. దానిని టెస్సెరా హాస్పిటాలిస్ అనేవారు. ఏళ్ళ తరువాత, ఒక్కొక్కప్పుడు తండ్రుల తరువాత బిడ్డలు, ఆ బిళ్ళ చూపించి ఆ ఇంట ఆతిథ్యం పొందేవారు. ప్లాటస్ అనే రోమను నాటకకర్త రచనలో ఇట్టి ఘట్టం ఉన్నది.

వాడుక, కొసరు, ఆనవాలు. నేటి హోటళ్ళ పాయింట్ల పథకాలన్నీ ఈ మూడింటి కలయికయే. కనుక ఇది అమెరికా నుండి మనకు వచ్చిన వింత కాదు. అయితే మన పాత పద్ధతిని పొగడి ఊరుకొనడానికి ఈ టపా వ్రాయడం లేదు. చెప్పవలసినది వేరే ఉన్నది. క్రమంగా వస్తాను.

డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఇంటిని మనవారు పూటకూళ్ళ ఇల్లు అన్నారు. కూడు ఏకవచనం, కూళ్ళు బహువచనం. పూటకు ఇంత అని ఇచ్చి తినే కూడు గనుక పూటకూడు. ఈ ఇల్లు మన సాహిత్యంలో ఘనంగా కనిపించేది "క్రీడాభిరామం"లో. దానిని వ్రాసినవాడు వినుకొండ వల్లభరాయడు. మా ఊరి పేరే ఆయన ఇంటిపేరు. ఆ కృతిలో శ్రీనాథుని చేయి ఉన్నదని వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు వాదించారు. ఆ వివాదంలోకి నేను దిగను. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత "ప్రేమాభిరామం" దీనికి మూలం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధులలో ఒక రోజంతా తిరుగుతారు. అందులో లక్ష్మణవజ్ఝల వారి పూటకూటింటి ప్రసక్తి వస్తుంది. మేలైన బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్ళు, పెరుగు. ఇంతటి భోజనానికి వెల ఒక్క రూక.

తరగతిలో ఆ పద్యం చెప్పేటప్పుడు పిల్లల నోట నీరు ఊరేది. నాకూ ఊరేది. చాలా ఏండ్లు నేను దానిని వంటల పద్యంగానే చెప్పాను. ఇప్పుడు చూస్తే దానిలో మరొకటి కనిపిస్తున్నది. పద్యంలో ధర ఉన్నది. గడప దగ్గర అడిగే ప్రశ్న లేదు. రూక ఉన్నవాడు ఎవడైనా ఆ ఇంట విస్తరి ముందు కూర్చోగలిగేవాడా? వజ్ఝల అన్న ఇంటిపేరే జవాబు చెప్తున్నది.

ఆ ప్రశ్న నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా దొడ్డమ్మ ఇంటిలో విన్నాను.

దొడ్డమ్మ అంటే మా అమ్మకు అక్కగారు. చిన్నతనాననే భర్త పోయాడు. పొలం లేదు, చదువు లేదు. ఆ రోజులలో అట్టి బ్రాహ్మణ స్త్రీకి బ్రతుకు తెరువు రెండే: ఒకరి ఇంట వంటచేయడం, లేదా తన ఇంట పదిమందికి వండి పెట్టడం. ఆమె రెండవది ఎంచుకొన్నది. వినుకొండలో కొండ క్రింది వీధిలో రెండు గదుల ఇల్లు. కచేరీ గుమాస్తాలు, టీచర్లు, ప్రత్తి వ్యాపారం మీద వచ్చేవారు, మొత్తం పన్నెండు పదమూడు మంది వాడుక.

వంటింటి గోడయే ఆమె ఖాతా పుస్తకం. చదువు రాదు గనుక పేర్లు ఉండవు. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. కళ్ళజోడు ఆయనకు రెండు సున్నలు, గొడుగు ఆయనకు ఒక వంకర గీత. ఆ గుర్తు ప్రక్కన పూటకు ఒక బొగ్గు గీత. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టి డబ్బు తీసుకొని, తడిగుడ్డతో తుడిచివేసేది. పండుగ పూట గీత గీసేది కాదు. "పండగనాడు లెక్కేమిటి నాయనా" అనేది. అది ఆమె ఇచ్చే కొసరు. ఎవరికి ఉల్లి పడదో, ఎవరికి పెరుగు పుల్లగా ఉండాలో, ఎవరు శనివారం రాత్రి ఫలహారం తింటారో అన్నీ ఆమెకు నోటికి వచ్చు. నేటి హోటళ్ళు వేల రూపాయల కంప్యూటర్లలో దాచుకొనే వివరాలన్నీ ఆమె తలలో ఉండేవి.

పూటకూళ్ళమ్మల పక్షాన ఒక మాట చెప్పాలి. వాడుక అంటే అప్పు. అప్పు అంటే అపాయం. గురజాడ వారి "కన్యాశుల్కం"లో గిరీశం చేసినదేమిటి? సంతలో సరుకులు తెచ్చిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకొని మధురవాణికి ఖర్చుపెట్టాడు. ఆమె చీపురుకట్ట పట్టుకొని వచ్చిందంటే రాదా? ప్రేక్షకులు నవ్వుతారు. మా దొడ్డమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆమె గోడ మీద కూడా తుడవని గీతలు కొన్ని ఏండ్ల తరబడి ఉండేవి.

1969లో, నాకు పదేండ్ల వయసున, మా ఊరి హైస్కూలుకు లెక్కల మాస్టారు ఒకరు క్రొత్తగా వచ్చారు. తెల్లని పంచె, చేతిలో ట్రంకు పెట్టె. ఒక సాయంకాలం దొడ్డమ్మ అరుగు ముందు నిలబడి భోజనం వాడుకగా కుదురుతుందా అని అడిగారు. నేను అరుగు మీదనే ఉన్నాను.

"మీదే ఊరు బాబూ?" అన్నది దొడ్డమ్మ. చెప్పారు.

"ఇంటిపేరు?" చెప్పారు. దొడ్డమ్మ ఆ ఊరు, ఆ ఇంటిపేరు కలిపి చూసుకొన్నట్లున్నది. ఒక క్షణం ఆగింది.

"వాడుకలన్నీ నిండిపోయాయి నాయనా. ఇంక చోటు లేదు" అన్నది.

ఆయన తలపంకించి, పెట్టె ఎత్తుకొని వెళ్ళిపోయారు. అంతకు ముందు వారమే గుమాస్తా ఒకాయనకు బదిలీ అయి, ఒక విస్తరి ఖాళీ అయినది. ఆ సంగతి నాకు తెలుసు. పిల్లవాణ్ణి కనుక, "చోటుంది కదా దొడ్డమ్మా" అన్నాను. "నోరుమూసుకో" అన్నది. ఆ రాత్రి మా అమ్మతో నెమ్మదిగా అంటుంటే విన్నాను. "ఆయనకు పెడితే పదిమంది పోతారే. నేనేం తినను?"

ఆ మాట నాకు యాభై ఏండ్లకు పైగా గుర్తున్నది. ఆమె దుర్మార్గురాలు కాదు. మూడవ పూట బాకీ పడ్డవానికి కూడా అన్నం పెట్టిన మనిషి. కాని ఆమె వాడుక వారు ఆమెకు ఆధారమూ అయ్యారు, సంకెలా అయ్యారు. వారి నమ్మకం ఊరికే దొరకలేదు. దాని వెల మరొకరు గడప బయట నిలబడి చెల్లించారు. పండుగ పూట గీత గీయకపోవడం ఒక్కటే కాదు, ప్రక్క విస్తరిలో ఎవరు కూర్చుంటారో వారికి ముందుగానే హామీ ఇవ్వడం కూడా ఆమె ఇచ్చే కొసరే.

చట్టం లేదా అంటే ఉన్నది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, భోజనశాలలలోకి కులం పేరిట ఎవరినీ అడ్డగించరాదని స్పష్టంగా చెప్పినది. అస్పృశ్యతా నేరాల చట్టం 1955లో వచ్చినది. దానినే 1976లో సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అన్నారు. మా అరుగు మీది సంభాషణ నాటికి ఆ చట్టానికి పధ్నాలుగేండ్లు. కాని "చోటు లేదు" అన్న మాటలో కులం పేరు ఎక్కడా లేదు కదా!

వినుకొండకు ఇంకొక కవి ఉన్నాడు. గుఱ్ఱం జాషువ ఇక్కడ 1895లో జన్మించాడు. ఆయన 1941 నాటి "గబ్బిలం"లో కథానాయకుడు అస్పృశ్యుడు. తన గోడు శివునికి చెప్పుకోవాలి, గుడిలోనికి పోరాదు. అందుకని గబ్బిలాన్ని దూతగా పంపుతాడు. గుడి కప్పున వ్రేలాడే గబ్బిలాన్ని ఎవరూ ఇంటిపేరు అడగరు. ఒక ఊరి పేరు ముడిపడిన ఇద్దరు కవులు. ఒకాయన రూకకు దొరికే భోజనాన్ని వర్ణించాడు. సుమారు ఐదు వందల ఏండ్ల తరువాత పుట్టిన రెండవ ఆయన, రూక ఉన్నా తెరుచుకోని తలుపు గూర్చి వ్రాశాడు. ఈ రెండు పుస్తకాలను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలకు ఏనాడూ చెప్పలేదే అని ఇప్పుడు నాకు విచారం.

లెక్కల మాస్టారి కథ అక్కడితో ఆగలేదు. ఆయన హైస్కూలులో నాకు నాలుగేండ్లు పాఠం చెప్పారు. అరుగు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఒకసారి మా అమ్మ ఊళ్ళో లేనప్పుడు, దొడ్డమ్మకు జ్వరం వచ్చినప్పుడు, నాన్న నాకు డబ్బు ఇచ్చి రైలు స్టేషను వైపున్న భోజన హోటలులో తిని రమ్మన్నాడు. గుంటూరు నుండి గుంతకల్లు వెళ్ళే ఆ దారిలో అప్పుడు మీటరుగేజి రైళ్ళు నడిచేవి. హోటలులో మాస్టారు కూర్చొని ఉన్నారు. చేతిలో ఒక చిన్న పుస్తకం, దానిలో గులాబిరంగు టికెట్లు. పూటకు ఒకటి చింపి ఇవ్వడమే. యాభై ఎనిమిది పూటల డబ్బు ముందు కడితే అరవై టికెట్లు ఇచ్చేవారట. ఆ రెండూ కొసరు.

నన్ను చూసి, "ఏరా, మీ దొడ్డమ్మగారింట్లో విస్తరి లేదా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన నవ్వి, ఒక టికెట్టు చింపి నా వైపు జరిపి, "తిను. ఈ కాగితం ముక్క ఇంటిపేరు అడగదురా" అన్నారు.

ఆనవాలు అనే దానికి రెండు ముఖాలున్నవని నాకు తెలిసినది ఆనాడే. మనిషిని గుర్తుపట్టే ఆనవాలు ఒకటి. డబ్బు ముట్టినదని మాత్రం చెప్పే ఆనవాలు మరొకటి. మొదటి దానిలో ఆప్యాయత ఉన్నది, దానితో పాటు కంచె ఉన్నది. రెండవ దానిలో ఆప్యాయత లేదు. కంచె కూడా లేదు. (అన్ని హోటళ్ళూ అట్లా ఉండేవని అనను. పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చట్టం వచ్చిన తరువాత కూడా చాలాకాలం నడిచినది.)

ఇప్పుడు కొంచెం దూరం పోదాము. ఆ గులాబి టికెట్ల వంటి కాగితపు ఆనవాళ్ళతో ప్రపంచంలో పెద్ద వ్యాపారమే జరిగినది. అమెరికాలో 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ అనే సంస్థ ఆకుపచ్చ స్టాంపులు మొదలుపెట్టినది. దుకాణదారు ఆ స్టాంపులు సంస్థ వద్ద కొని, కొనుగోలుదారులకు కొసరుగా ఇచ్చేవాడు. వారు వాటిని పుస్తకంలో అంటించి, నిండిన తరువాత సంస్థ నుండి వస్తువులు తీసుకొనేవారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణపు మైళ్ళను లెక్కగట్టడం ఆరంభించినది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే బాట పట్టినవి.

ఇది వందల హోటళ్ళున్న గొలుసు సంస్థలకు సులభం. ఢిల్లీలో సంపాదించిన పాయింటు దుబాయిలో ఖర్చు అవుతుంది. ఒకే ఒక్క హోటలు ఉన్నవాని గతి ఏమిటి? అతిథి ఏడాదికి ఒకసారి వస్తే పది రాత్రులు నిండేసరికి పదేండ్లు పడుతుంది. కనుక ఒంటరి హోటళ్ళు ఒక పేరు క్రింద చేరసాగినవి. లీడింగ్ హోటల్స్ ఆఫ్ ది వరల్డ్ అనే కూటమి 1928 నాటిది. ఒంటరి హోటళ్ళ కొరకే స్టాష్ అనే ఉమ్మడి పాయింట్ల పథకం అమెరికాలో 2010లో వచ్చినది. గ్లోబల్ హోటల్ అలయన్స్ వారి డిస్కవరీ కూడా ఆ ఏడాదిదే. హోటల్స్ డాట్ కామ్ వారు పది రాత్రులకు ఒక రాత్రి ఇచ్చే పద్ధతిని చాలాకాలం నడిపి, 2023లో వన్ కీ అనే మరొక పద్ధతికి మారారు. ఉమ్మడి పథకాలలో సూత్రం స్టాంపుల నాటిదే. హోటలు తన వంతు డబ్బు పథకానికి కడుతుంది, అతిథి ఖాతాలో పాయింట్లు పడతాయి.

అవి ఊరికే రావు. పాయింట్ల ఖర్చు గది అద్దెలో కలుస్తుంది. తరచుగా వచ్చేవాని ఉచిత రాత్రికి, ఒక్కసారి వచ్చి పోయేవాడు తనకు తెలియకుండానే కొంత కడతాడు. ఇక్కడా గడప బయట నిలబడినవాడొకడు ఉన్నాడు. కాకపోతే అతనిని ఇంటిపేరు అడగరు.

కొసరు ముడి ఎట్లా బిగుస్తుందో మా మిర్చి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. గుంటూరు యార్డుకు సరుకు తోలుకెళ్ళిన రైతుకు కమీషను కొట్టులోనే పడక, టీ, భోజనం దొరకడం కద్దు. విత్తనాలకు, మందులకు ముందుగా అప్పు కూడా అక్కడే. ఎంత ఆదరణ! అయితే అప్పు తీరేదాకా సరుకు ఆ కొట్టుకే పోవాలి. ప్రక్క కొట్టులో ధర ఎక్కువ పలికినా చూస్తూ ఊరుకోవాలి. అది వాడుక కాదు, కట్టు. గడువు తీరితే మాయమయ్యే పాయింట్లు ఆ తాడుకే దూరపు చుట్టాలు.

ఇన్ని ఆలోచించిన తరువాత మా విద్యార్థిని పిలిచి అడిగాను. "ఈ కార్డు నీకెందుకు?" అతని జవాబు సూటిగా ఉన్నది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే బేరంలో నూటికి పదిహేను ఇరవై రూపాయల దాకా మధ్యవారికి పోతున్నది. వచ్చినవాడు మరుసటిసారి నేరుగా ఫోను చేస్తే, ఆ మిగులులో కొంత అతనికే ఇవ్వవచ్చు. న్యాయమైన లెక్కయే. ఇందులో ఎవరి విస్తరీ తీసివేయడం లేదు. మధ్యవానికి పోయేదే కొసరుగా మారుతున్నది.

కార్డు దిద్ది ఇచ్చాను. పైన "వాడుక కార్డు" అని ఉంచాను. క్రింద: "పది రాత్రులు మా వద్ద బస చేసినవారికి పదకొండవ రాత్రి కొసరు. గడువు లేదు." గడువు లేదన్న మాటకు అతడు కొంచెం తటపటాయించి ఒప్పుకొన్నాడు. గళ్ళలో మొదటి దానిని ఎర్రసిరాతో కొట్టివేశాను.

"ఇంటిపేరు తీసేశారేం మాస్టారూ?"

"చట్టప్రకారం కావలసిన వివరాలు నీ రిజిస్టరులో ఉంటాయి కదా. రాత్రులు లెక్కపెట్టడానికి ఫోను నంబరు చాలు."

అతడు మరేమీ అడగలేదు. కార్డులు అచ్చయి వచ్చినవి. నాకొకటి తెచ్చి ఇచ్చాడు. దానిని "క్రీడాభిరామం"లో ఆ పూటకూటి పద్యం ఉన్న పుటలో పెట్టుకొన్నాను.

మిత్రులారా, మీ మీ ఊళ్ళలో పూటకూళ్ళ ఇళ్ళ లెక్కలు, టికెట్ల పుస్తకాలు ఎట్లా ఉండేవో వ్యాఖ్యలలో వ్రాయండి. అక్కడ తిన్నవారి జ్ఞాపకాలు మనకు చాలానే ఉన్నవి. అరుగు ముందు నిలబడి తిరిగి వెళ్ళినవారి జ్ఞాపకాలు ఎవరి వద్దనైనా ఉంటే, అవి ముందు వ్రాయండి.